ముప్పై ఏళ్ళ తర్వాత మా బ్యాలే ట్రూప్ కలయిక: వెళ్ళాలా, మానాలా?

వాసుకి_తోక
విషయం చిన్నదే, కానీ పది రోజులుగా నిద్ర పట్టడం లేదు. 1989 నుంచి 1995 దాకా నేను విజయనగరంలో ఒక బ్యాలే ట్రూప్‌లో ఆడాను. పేరు చెప్పను, చెబితే సగం ఊరికి నేనెవరో తెలిసిపోతుంది. మా పెద్ద ఐటమ్ క్షీరసాగర మథనం. పొడవాటి ఆకుపచ్చ శాటిన్ గుడ్డ, దాని మీద వెండి కాగితం పొలుసులు, కింద ఎనిమిది మంది ఆడపిల్లలం. అదే వాసుకి. ముందున్న అమ్మాయి చేతిలో పడగ. చివర నేను. ఆరేళ్ళ పాటు తోకనే. జనానికి నా ముఖం కనిపించేది మంగళం పాడేటప్పుడు మాత్రమే, అప్పటికి సగం మంది చెప్పులు వెతుక్కుంటూ ఉండేవాళ్ళు.

ఇప్పుడు ఎవరో వాట్సాప్ గ్రూపు పెట్టారు. "పూర్వ నర్తకుల ఆత్మీయ కలయిక" అట. మనిషికి 1500 రూపాయలు. ఆడవాళ్ళందరూ మెరూన్ చీర. ప్రతి ఒక్కరూ గజ్జెలు తెచ్చుకోవాలి, ఒక్క ఐటమ్ అయినా చెయ్యాలి.

నాకు 52 ఏళ్ళు. మోకాలు మెట్లెక్కితే కటకటమంటుంది. బరువు సంగతి అడగొద్దు. అప్పటి సెక్రటరీ పర్లాకిమిడి ప్రోగ్రాం డబ్బులు ఇప్పటికీ ఇవ్వలేదు, ఆయనే గ్రూప్ అడ్మిన్. మా ఆయన మెసేజ్ చదివి "తోకకి కూడా పిలుపొచ్చిందే" అని నవ్వాడు. వెళ్ళనా, ఒంట్లో బాగోలేదని చెప్పేయనా?

గంటస్తంభం_కుర్రాడు
వెళ్ళండి మేడమ్. మీ ఆయన్ని మాత్రం తీసుకెళ్ళకండి.

నాగావళి_గట్టు
డేట్ ఎప్పుడు?

వాసుకి_తోక
పైడితల్లమ్మ సిరిమానోత్సవం, మా ఊరి పెద్ద జాతర, రోజున పెట్టారు. అందరూ ఎలాగూ ఊరికి వస్తారు కదా అని.

తొలేళ్ళు
ఏ తెలివైన మనిషి పెట్టాడండీ ఆ డేటు? దసరా తర్వాత మంగళవారం విజయనగరంలో లాడ్జి రూము సంగతి దేవుడెరుగు, అరుగు మీద చోటు కూడా దొరకదు. బస్సులు ఊరి బయటే ఆపేస్తారు. మూడులాంతర్ల నుంచి కోట దాకా ఇసుక వేస్తే రాలదు. సిరిమాను, అదే పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను, గుడికీ కోటకీ మధ్య మూడు సార్లు తిరిగేదాకా మీ హాలుకి ఎవరొస్తారు? మెరూన్ చీర కట్టుకుని, గజ్జెల సంచీ పట్టుకుని, ఆ జనంలో? ముందు డేటు మార్పించండి, తర్వాత మోకాలి సంగతి చూద్దాం.

నాగావళి_గట్టు
తొలేళ్ళు గారు చెప్పింది నిజం. నాలుగేళ్ళ క్రితం అదే రోజు మా మేనకోడలి నిశ్చితార్థం పెట్టారు. పెళ్ళికొడుకు తరపువాళ్ళు ఊరేగింపులో బెస్తవారి వల వెనకాలే నడుచుకుంటూ వచ్చారు. పులిహోర చల్లారిపోయింది.

కోపిష్టి_తాత
ముందు ఒక మాట. "బ్యాలే" అనకండి. బ్యాలే అంటే కాలి వేళ్ళ కొనల మీద నిలబడి గిర్రున తిరిగేది. మనది నృత్యనాటకం. కూచిపూడి వాళ్ళు అయిదొందల ఏళ్ళుగా ఆడుతున్నదానికి ఫ్రెంచి పేరెందుకు?

సముద్రం_అవతల
తాతగారూ, ఆ పేరు మనవాళ్ళు ఇష్టపడి పెట్టుకున్నదే. 1923లో రష్యన్ నర్తకి అన్నా పావ్లోవా, మన నర్తకుడు ఉదయ్ శంకర్ కలిసి లండన్‌లో రాధాకృష్ణుల కథ ఆడారు. తర్వాత ఆయన 1938లో అల్మోరాలో శిక్షణ కేంద్రం పెట్టాడు. అక్కడి నుంచి వచ్చిన శాంతి బర్ధన్ 1952లో బొంబాయిలో పెట్టిన బృందం పేరే లిటిల్ బ్యాలే ట్రూప్. రామాయణాన్ని మనుషుల చేత తోలుబొమ్మల్లా ఆడించారు. అప్పటి నుంచి మన దేశంలో నలుగురు కలిసి కథ ఆడితే బ్యాలేనే. మా ఊరి హైస్కూల్ వార్షికోత్సవంలో "భక్త ప్రహ్లాద బ్యాలే" అని బోర్డు రాసేవారు, ఎవరూ వేలి కొనల మీద నిలబడలేదు. హిరణ్యకశిపుడు మాత్రం ఒకసారి జారి పడ్డాడు.

కోపిష్టి_తాత
బోర్డు మీద రాసిందల్లా నిజమైతే మా వీధిలో "ఇచ్చట చెత్త వేయరాదు" అని కూడా ఉంది.

సాలూరు_సంత
తాతగారితో నేనూ సగం ఏకీభవిస్తా. మన జిల్లాకీ నృత్యనాటకానికీ ఉన్న చుట్టరికం చాలామందికి తెలియదు. వెంపటి చినసత్యం గారు 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టి నృత్యనాటకాలు తయారుచేశారు కదా, వాటిలో చాలావాటికి సంగీతం పట్రాయని సంగీతరావు గారిది. ఆయన మా సాలూరు చిన్న గురువు గారి, అంటే పట్రాయని సీతారామశాస్త్రి గారి అబ్బాయి. ఆ చిన్న గురువు గారే విజయనగరం సంగీత కళాశాలలో ఘంటసాలకి పాఠం చెప్పారు. కాబట్టి మద్రాసులో సత్యభామ జడ ఊపినా హార్మోనియం మనదే.

గంటస్తంభం_కుర్రాడు
ఆ కాలేజీ పేరెత్తితే మా తాతయ్య గంటసేపు ఆపేవారు కాదు. 1919లో పెట్టారు, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్, తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడు గారు... ఇక్కడికి వచ్చేసరికి మాకు నిద్ర వచ్చేసేది.

వాసుకి_తోక
అయ్యా, నా మోకాలు?

కీళ్ళు_కండరాలు
నేను ఫిజియోథెరపిస్టుని, శ్రీకాకుళంలోనే. పాత డాన్సర్లు చాలామంది వస్తారు నా దగ్గరికి. సూటిగా చెబుతాను. మండి వెయ్యకండి. ఒక్కసారేగా అని మోకాళ్ళ మీద కూర్చుని గెంతితే వారం మంచం దిగరు. మనసుకి అడుగు గుర్తుంటుంది, కండకి గుర్తుండదు, అక్కడే దెబ్బ తగులుతుంది. హాలు గ్రానైట్ అయితే అసలు కాలు తట్టొద్దు. చెక్క స్టేజీ ఉంటే నయం, లేకపోతే మందపాటి జంపఖానా పరిపించండి. ముందు ఒక పది నిమిషాలు మెల్లగా నడిచి, చీలమండలు, మోకాళ్ళు కదిలించి ఒళ్ళు వేడెక్కనివ్వండి. అన్నిటికంటే మంచిది కుర్చీలో కూర్చుని అభినయం చెయ్యడం. ఒక పదం, అంటే అభినయానికి పాడే పాట, పట్టండి. కళ్ళకీ చేతులకీ కీళ్ళనొప్పి అంత తొందరగా రాదు.

వాసుకి_తోక
అభినయమా? ఆరేళ్ళు గుడ్డ కింద ఉన్నానండీ. నా ముఖం ఏం చేస్తోందో నాకే తెలియదు.

పోతన_పిచ్చి
ఒక సంగతి మర్చిపోతున్నారు. మందర పర్వతంతో పాలసముద్రం చిలికేటప్పుడు వాసుకి తల వైపు ఎవరు పట్టారు? రాక్షసులు. తోక పట్టడం అమంగళం, మా పరువేం కావాలి అని పట్టుబట్టి మరీ తల వైపు తీసుకున్నారు. తర్వాత వాసుకి నోట్లోంచి వచ్చిన విషపు సెగలకి మాడిపోయింది వాళ్ళే. తోక వైపున దేవతలు చల్లగా ఉన్నారు. భాగవతం అష్టమ స్కంధం తీసి చూడండి. మీ ఆయనకి కూడా చదివి వినిపించండి.

గంటస్తంభం_కుర్రాడు
ఈ థ్రెడ్ ఇక్కడితో మూసేయొచ్చు. తోక గెలిచింది.

రాజాం_రోడ్డు
నేను వేరేగా చెబుతాను, తిట్టుకోకండి. వెళ్ళొద్దు. మా నాటక సమాజం వాళ్ళం ఇలాగే కలిశాం. మొదటి గంట కౌగిలింతలు, రెండో గంట ఎవరి పిల్లలు ఏ దేశంలో ఉన్నారు, మూడో గంట కొత్త లేఅవుట్‌లో ప్లాట్లు అమ్మడానికి ఒకడు బ్రోచర్లు పంచాడు. మనకి గుర్తున్న మనుషులు అక్కడ ఉండరు. వాళ్ళ పేర్లు పెట్టుకున్న వేరే మనుషులు ఉంటారు. ఆ డబ్బుతో పాత ఫోటోకి మంచి ఫ్రేమ్ కట్టించుకోండి.

నాగావళి_గట్టు
ప్లాటు కొన్నారా మరి?

రాజాం_రోడ్డు
అడ్వాన్స్ ఇచ్చాను. అందుకే చెబుతున్నా.

సముద్రం_అవతల
రాజాం గారి మాటకి ఎదురు ఉదాహరణ ఒకటి. డయాగిలెవ్ 1909లో పారిస్‌లో మొదలుపెట్టిన రష్యన్ బ్యాలే కంపెనీ ఆయన 1929లో పోయాక ఆగిపోయింది. కొన్నాళ్ళకి మాంటే కార్లోలో కొత్తగా లేచింది. అక్కడా పెద్దలు తగవుపడి రెండు కంపెనీలుగా చీలిపోయారు. 1938 వేసవిలో ఆ రెండూ లండన్‌లో దగ్గర దగ్గర థియేటర్లలో పోటాపోటీగా ఆడాయి. ఆ రెండు వైపుల డాన్సర్లలో మిగిలినవాళ్ళు 2000లో న్యూ ఆర్లియన్స్‌లో కలిశారు. దాని మీద 2005లో డాక్యుమెంటరీ కూడా వచ్చింది. డెబ్బై, ఎనభై ఏళ్ళు దాటినవాళ్ళు. అడుగులు వెయ్యలేకపోయినా చేతులు మాత్రం అలాగే లేస్తున్నాయి. అరవై ఏళ్ళ కిందటి అలకలు కూడా అలాగే ఉన్నాయనుకోండి.

వాసుకి_తోక
చీలిక అన్నారు గనక చెబుతున్నా. మాదీ చీలింది. 1994లో మాస్టారికీ సెక్రటరీకీ చెడింది. కొందరు శ్రీకాకుళం వెళ్ళి వేరే పేరుతో ట్రూప్ పెట్టారు, అదే క్షీరసాగర మథనం, కానీ వాళ్ళ వాసుకి నల్లగుడ్డ. ఒక సంక్రాంతికి రెండు ట్రూపులూ ఒకే ఊళ్ళో దిగాం. ఊరివాళ్ళు తెలివైనవాళ్ళు, రెండు రాత్రులు చూసి ఒక్కరికే డబ్బులిచ్చారు. ఇప్పుడు గ్రూపులో చూస్తే శ్రీకాకుళం వైపు వాళ్ళు ఒక్కరూ లేరు.

తప్పెట_తాళం
శ్రీకాకుళం వాళ్ళనే కాదు. మీ ఐటమ్‌లో అమృతం పుట్టినప్పుడు తప్పెటగుళ్ళు వేసేవారా? నాకు చిన్నప్పుడు చూసిన గుర్తు. మా బాబాయి వాళ్ళు నలుగురు మా ఊరి నుంచి వెళ్ళేవారు. మందసలో, టెక్కలిలో, అన్ని చోట్లా జనం ఈలలు వేసింది వాళ్ళకే. గ్రూప్ ఫోటోలో మాత్రం ఒక్కరూ లేరు, "డాన్సర్లు మాత్రమే" అన్నారట. బాబాయికి ఇప్పుడు 70. ఆయనకి కబురు వచ్చిందా? "నర్తకుల" కలయిక అంటే గుండెకి తప్పెట కట్టుకుని రాత్రంతా గెంతినవాడు నర్తకుడు కాడా?

వాసుకి_తోక
రాలేదనుకుంటా. నిజం చెప్పాలంటే ఇంతవరకు నాకా ఆలోచనే తట్టలేదు. నన్ను గుర్తుపడతారా అన్న దిగులులో నేను ఎవరిని మర్చిపోయానో చూసుకోలేదు. మీ బాబాయి గారేనా, పాట మధ్యలో బీడీ కోసం స్టేజీ పక్క తెర వెనక్కి వచ్చేవారు?

తప్పెట_తాళం
ఆయనే. ఇప్పుడు మానేశాడు. మానేశానని మాకు చెబుతున్నాడు.

ఫోకస్_లైటు
ఇంతదాకా చదువుతూ ఊరుకున్నాను. ఆకుపచ్చ శాటిన్, వెండి పొలుసులు అనగానే చెయ్యి ఆగలేదు. ఆ ట్రూప్‌కి లైట్లు వేసింది నేను. నౌపడా నుంచి గుణుపూర్ వెళ్ళే నేరోగేజి రైల్లో మీ పడగ కిటికీలోంచి పట్టక పైన కట్టాం, పాతపట్నం దగ్గర పిల్లలు రైలు వెంట పరుగెత్తారు. ఇప్పుడది బ్రాడ్‌గేజి అయిపోయింది, అంత మెల్లగా వెళ్ళే రైలు ఇంక దొరకదు. ఒక్కటి అడుగుతాను. తోక చివర కుచ్చు ఎప్పుడూ తాళానికి ఒక పిసరు వెనకపడి ఊగేది. పచ్చలైటు నేను దాని కోసమే ఆలస్యంగా ఆర్పేవాణ్ణి. అది మీరేనా?

వాసుకి_తోక
ఓలమ్మో! మీరా? వెనకపడడం కాదండీ అది. పాము తల తిరిగాక కదా తోక తిరిగేది. మాస్టారు అలాగే నేర్పారు.

ఫోకస్_లైటు
సరే అమ్మా, మాస్టారు నేర్పారు. నేను ఆరేళ్ళు పొరపాటు అనుకున్నాను.

గంటస్తంభం_కుర్రాడు
సినిమాలో కూడా ఇంత జరగదు. పాప్‌కార్న్ లేదు, ఉల్లిపకోడీ తెచ్చుకుని కూర్చుంటా.

కొత్తగా_చేరాను
ఈ చర్చ లింకు మా చెల్లి పంపింది. నేను పడగ.

పోతన గారు విషం సెగ అన్నారే, అది నిజంగానే జరిగింది. హాలాహలం పుట్టే సీనుకి సాంబ్రాణి పొగ వేసేవారు, మొత్తం నా ముఖానికే. బెత్తం, కాగితపు గుజ్జుతో చేసిన పడగ మెడ మీద రాయిలా ఉండేది. వెనక ఏడుగురూ నీడలో నవ్వుకుంటూ నడిచేవాళ్ళు. తోకకి నా మీద కుళ్ళు అని నాకు తెలుసు. నాకు దాని మీద కుళ్ళు అని దానికి తెలియదు.

1993లో నాకు పెళ్ళయింది. మరుసటి వారం బొబ్బిలిలో ప్రోగ్రాం ఉంది, పంపలేదు. మా అత్తగారు నా గజ్జెల్లోంచి గుత్తులు విప్పించి కొత్తగా పుట్టిన దూడ మెడలో కట్టించింది. కోపంతో కాదు, ఆవిడకి అవి నిజంగా పనికొచ్చే వస్తువులే. అయిదారేళ్ళు ఆ పశువు పెరట్లో తిరిగినప్పుడల్లా నాకు జతి వినిపించేది. ఒక్కోసారి తప్పు తాళంలో.

గ్రూపులో నన్ను చేర్చారు, చూసి బయటికి వచ్చేశాను. గజ్జెలు తెచ్చుకోవాలి అన్నారు కదా.

వాసుకి_తోక
నీ పేరు ఇక్కడ రాయను. నెంబరు ప్రైవేట్ మెసేజ్‌లో పెట్టు. ఇప్పుడే.

నాగావళి_గట్టు
గజ్జెలు నా దగ్గర రెండు జతలున్నాయి. మా అమ్మాయి మూడు నెలలు నేర్చుకుని మానేసింది. కావాలంటే బస్సు కాంప్లెక్స్ దగ్గర ఇచ్చి వెళతాను.

కోపిష్టి_తాత
బ్యాలే అనుకోండి, ఏదైనా అనుకోండి. వెళ్ళండి అమ్మా ఇద్దరూ.

తొలేళ్ళు
డేటు మార్చారా లేదా?

వాసుకి_తోక
మార్చారు. తర్వాత వచ్చే ఆదివారం. గ్రూపులో నేనే గట్టిగా అడిగాను, జీవితంలో మొదటిసారి. తప్పెటగుళ్ళ వాళ్ళ సంగతి, శ్రీకాకుళం వాళ్ళ సంగతి కూడా పెట్టాను. సెక్రటరీ గారు రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. అది ఒప్పుకున్నట్టో, వదిలెయ్యమన్నట్టో తెలియలేదు, అందుకే ఒప్పుకున్నట్టు తీసుకుని నేనే ఫోన్లు చేశాను.

గంటస్తంభం_కుర్రాడు
ఆదివారం అయిపోయింది. తోక గారూ ఎక్కడ?

పోతన_పిచ్చి
నాలుగు రోజులైంది. మోకాలు పోయిందా?

వాసుకి_తోక
మోకాలు బాగానే ఉంది, ఇంటికి చుట్టాలొచ్చి రాయలేకపోయాను.

అయ్యకోనేరు దగ్గర చిన్న హాలు. 34 మంది వచ్చాం. శ్రీకాకుళం నుంచి అయిదుగురు, నల్లగుడ్డ వాసుకి వాళ్ళు. ఒక గంట వాళ్ళు ఆ గోడ పక్కన, మేము ఈ గోడ పక్కన కూర్చున్నాం. పెసరట్టు ఉప్మా రాగానే వరస కలిసిపోయింది, చట్నీ ఒకటే గిన్నె కాబట్టి. ఈ లోకంలో లేనివాళ్ళు ఆరుగురు. వాళ్ళలో మోహిని వేసినావిడ ఒకరు. పేర్లు చదువుతుంటే తప్పెట తాళం గారి బాబాయి లేచి వెళ్ళిపోయారు. బాధేమో అనుకున్నా, బీడీ కోసమట.

రాజాం గారూ, మీరు చెప్పినవన్నీ జరిగాయి. అమెరికా పిల్లలు, షుగర్ లెక్కలు, ఒకావిడ ఇన్సూరెన్స్ పాలసీ కూడా. ప్లాట్లు మాత్రం లేవు.

మాస్టారికి 84. చూపు బాగా తగ్గిపోయింది. ఒక్కొక్కరం వెళ్ళి పేరు చెబుతుంటే ఊఁ అంటున్నారు గానీ పట్టుకోలేకపోతున్నారు. మాకు గొంతు అడ్డం పడింది. అప్పుడు ఫోకస్ లైటు గారు సంచీలోంచి ఆ గుడ్డ తీశారు. ఆకుపచ్చ కాదిప్పుడు, ఎండుగడ్డి రంగు. ఇన్నాళ్ళూ వాళ్ళింట్లో కుట్టు మిషన్ మీద కప్పి ఉందట, అందుకే సగమే మిగిలింది. ఎనిమిది మందిలో అయిదుగురం ఉన్నాం. సగం గుడ్డకి అయిదుగురు సరిపోయాం. పడగ లేదు, దాని చోట ఆవిడ రెండు చేతులూ ఎత్తి పట్టింది. మాస్టారి ముందు పెట్టారు కర్ర, పీట. ఆయన తట్టడం మొదలుపెట్టారు. అంతే, కాళ్ళు వాటంతట అవే కదిలాయి. మండి లేదు, గెంతులు లేవు, ఊరికే నడక, జంపఖానా మీద. రెండో ఆవర్తంలో ఆయన కర్ర ఆపి, "ఎనిమిదోది ఎక్కడ?" అన్నారు.

"ఇక్కడే ఉన్నాను మాస్టారూ" అన్నాను.

"ఇంకా వెనకపడే ఊపుతున్నావు" అన్నారు.

ఫోకస్_లైటు
నేను ఏమీ అనడం లేదు.

గంటస్తంభం_కుర్రాడు
మాస్టారు నేర్పారు అన్నారు కదండీ 😂

కొత్తగా_చేరాను
నేను ముందు నడుస్తున్నాను కాబట్టి చూడలేదు. నవ్వు వినిపించింది. నాగావళి గట్టు గారూ, గజ్జెలు కడిగి ఆరబెట్టాను, ఎప్పుడు ఇమ్మంటారు?

నాగావళి_గట్టు
ఉంచుకోండమ్మా. మా ఇంట్లో దూడ లేదు.

కీళ్ళు_కండరాలు
జంపఖానా పరిచినందుకు సంతోషం. ఇంకా నొప్పి ఉంటే ఐసు పెట్టండి.

కోపిష్టి_తాత
అసలు సంగతి ఎవరూ అడగరేం? పర్లాకిమిడి డబ్బులు?

వాసుకి_తోక
అడిగాను తాతగారూ. భోజనాల దగ్గర పక్కన కూర్చుని మరీ అడిగాను. ఆయన చెవి మిషన్ తీసి జేబులో పెట్టుకుని, "అమ్మా, పనసపొట్టు కూర ఇంకొంచెం వెయ్యమను" అన్నారు.